స్కిల్: చేతికి వచ్చిన పని, కాగితం మీది మాట

హైదరాబాద్‌లో స్కిల్ అనే మాట చెవిన పడని రోజు ఉండదు. అమీర్‌పేట్‌లో మైత్రీవనం చుట్టూ ఉన్న కోచింగ్ సెంటర్ల బోర్డుల మీద అదే మాట. ఉద్యోగ ప్రకటనల్లో అదే, కళాశాలల ప్రాంగణ నియామకాల్లో అదే, కనీస వేతనాల పట్టికలోనూ అదే. రాష్ట్ర శాసనసభ 2024లో ఒక కొత్త విశ్వవిద్యాలయానికి ఆమోదం తెలిపినప్పుడు దాని పేరులోనే ఈ మాటను పెట్టారు: యంగ్ ఇండియా స్కిల్స్ యూనివర్సిటీ. తెలుగులో నైపుణ్యం, నేర్పు, పనితనం, ఒడుపు అనే మాటలు ఉండగా ఈ ఆంగ్ల పదమే ఇంతగా పాతుకుపోయింది. అది మనిషిని వర్ణించి ఊరుకునే మాటైతే ఇంత చర్చ అక్కర్లేదు. ఎవరికి ఎంత కూలి ఇవ్వాలి, ఎవరిని ఇంటర్వ్యూకు పిలవాలి, ఎవరి పనిని అసలు లెక్కలోకే తీసుకోనక్కర్లేదు అన్నవన్నీ ఈ మాటే తేలుస్తోంది. అందుకే దాని అర్థాన్ని, వాడుకను కాస్త నిలిచి చూడాలి.

సామర్థ్యాన్ని చెప్పడానికి ఇంగ్లీషులో చాలా మాటలున్నాయి. వాటిలో ఎబిలిటీ అన్నిటికంటే విశాలమైనది. పుట్టుకతో వచ్చినా, సాధనతో వచ్చినా, చేయగలిగితే చాలు, అది ఎబిలిటీయే. నెలల పసిబిడ్డ తల్లి గొంతును గుర్తుపడుతుంది; అది ఎబిలిటీ. దాన్ని స్కిల్ అని ఎవరూ అనరు, ఎందుకంటే బిడ్డ దాన్ని సాధన చేసి సంపాదించుకోలేదు. ఆప్టిట్యూడ్ అంటే ఇంకా నేర్వని విద్య వైపు మనసుకున్న మొగ్గు. బ్యాంకు పరీక్షల్లో ఆ పేరుతో లెక్కలూ తర్కమూ అడిగీ అడిగీ, మన విద్యార్థుల నోట ఆ మాటకు లెక్కలు అనే అర్థమే మిగిలింది. కాంపిటెన్స్ అంటే ఒక పనికి కావలసినంత యోగ్యత ఉండడం.

టాలెంట్ కథ వేరు. గ్రీకులో తలాంతోన్ అంటే త్రాసు, తర్వాత ఒక తూకం, ఆ తర్వాత ఆ తూకపు సొమ్ము. మత్తయి సువార్త 25వ అధ్యాయంలో యజమాని తన దాసులకు తలాంతులు అప్పగించి వెళ్లే ఉపమానం ఉంది. ఆ ఉపమానం వల్లనే సొమ్ము అనే అర్థం మారి దైవదత్తమైన ప్రతిభ అనే అర్థం వచ్చింది. తెలుగు బైబిల్ ఆ మాటను అనువదించకుండా తలాంతు అనే ఉంచింది. సికింద్రాబాద్ చర్చిలో పాట పాడిన పిల్లను మెచ్చుకుంటూ పెద్దలు అనే 'దేవుడిచ్చిన తలాంతు', టీవీ కార్యక్రమంలో వినిపించే టాలెంట్ ఒకే తల్లి బిడ్డలు.

ఇక స్కిల్. ఈ మాట పుట్టింది ఇంగ్లాండులో కాదు. స్కాండినేవియా నుంచి వచ్చి స్థిరపడినవారి ప్రాచీన నార్స్ భాష ద్వారా మధ్యయుగంలో ఇంగ్లీషులోకి చేరింది. ఆ భాషలో దానికి భేదం, వివేచన అని అర్థం. రెండు వస్తువుల మధ్య తేడా పట్టగలగడం, ఇది సరైనది, అది కాదు అని వేరుచేసి చూడగలగడం. చేతిపని అనే అర్థం తర్వాత వచ్చి చేరింది. ఈ మూలార్థాన్ని మరిచిపోకూడదు. స్కిల్ మొదట కంటికీ బుద్ధికీ సంబంధించినది, చెయ్యి దాని వెనక నడిచింది.

విచిత్రంగా సంస్కృతంలోనూ ఇదే జరిగిందని మన ఆలంకారికులు చెప్పుకున్నారు. కేంద్ర ప్రభుత్వం 2015లో ప్రారంభించిన నైపుణ్య శిక్షణ పథకం పేరు ప్రధానమంత్రి కౌశల్ వికాస్ యోజన. కౌశలం అనే మాట కుశల నుంచి వచ్చింది. కుశలుడు అంటే కుశలను, అంటే దర్భలను, కోసి తెచ్చేవాడు అని ఒక వ్యుత్పత్తి. దర్భ అంచు పదునుగా ఉంటుంది. చెయ్యి తెగకుండా, పనికొచ్చే గడ్డినీ పనికిరాని గడ్డినీ వేరు చేస్తూ కోయాలంటే నేర్పు కావాలి. అలా ఆ మాట నేర్పరికి స్థిరపడిందని వివరణ. మమ్మటుడు కావ్యప్రకాశంలో 'కర్మణి కుశలః' (పనిలో నేర్పరి) అనే ప్రయోగాన్ని రూఢి లక్షణకు, అంటే మూలార్థం పక్కకు తప్పుకుని వాడుకలో నాటుకున్న మరో అర్థం చెప్పే పద్ధతికి, ఉదాహరణగా చూపాడు. విశ్వనాథుడు సాహిత్యదర్పణంలో దాన్ని ఒప్పుకోలేదు. మాట ఎలా పుట్టిందన్నది వేరు, వాడుకలో ఏ అర్థమిస్తుందన్నది వేరు. కుశలుడు అంటే నేరుగానే నేర్పరి అని ఆయన వాదన. ఈ వాదం ఈనాటి స్కిల్‌కు కూడా అచ్చంగా వర్తిస్తుంది. నార్స్ భాషలో వివేచన అని అర్థమున్నంత మాత్రాన అమీర్‌పేట్‌లో అదే అర్థం నిలుస్తుందన్న హామీ ఏమీ లేదు. వాడుకనే చూడాలి.

వాడుకకు వచ్చేసరికి తెలుగు చాలా నిక్కచ్చిగా ఉంటుంది. 'నాకు ఈత వచ్చు' అన్న వాక్యంలో కర్త ఈత. మనిషి 'కు' ప్రత్యయంతో పక్కన నిలబడతాడు. విద్యే మనిషి దగ్గరికి వచ్చింది, వచ్చి ఉండిపోయింది. 'నేను ఈదగలను' అన్నప్పుడు మనిషి కర్త అవుతాడు, అతని శక్తి ముందుకు వస్తుంది. 'ఈత గురించి నాకు తెలుసు' అన్నది మూడో సంగతి. ఈ మూడూ విడివిడిగా నిలుస్తాయనడానికి ఒక్క వాక్యం చాలు: 'నాకు ఈత వచ్చు కానీ, భుజం నొప్పిగా ఉంది, ఈ రోజు ఈదలేను.' విద్య ఉంది, శక్తి ప్రస్తుతానికి లేదు. వినేవాళ్లకు ఏ తికమకా ఉండదు. స్కిల్‌కూ ఎబిలిటీకీ ఉన్న తేడా తెలియాలంటే ఈ వాక్యం కంటే మంచి పాఠం దొరకదు.

ఇంగ్లీషులో కెన్ అనే ఒక్క సహాయక్రియ ఈ బరువంతా మోస్తుంది. ఈత వచ్చు అన్నా, ఈదగలను అన్నా, ఈదవచ్చు అని అనుమతి ఇచ్చినా అక్కడ కెన్ సరిపోతుంది. నిజానికి కెన్ మూలం కూడా తెలియడమే. పాత ఇంగ్లీషులో కున్నన్ అంటే తెలిసి ఉండడం. తెలియడం నుంచి చేయడం వచ్చుననే అర్థం, అక్కడి నుంచి చేయగలగడం, చివరికి చేయవచ్చునన్న అనుమతి. మన వచ్చు కూడా అలాగే రెండు పనులు చేస్తోంది. 'వంట వచ్చు' అంటే విద్య, 'వండవచ్చు' అంటే అనుమతి లేదా వీలు. మన ఇంగ్లీషులో తరచుగా వినిపించే 'ఐ నో స్విమ్మింగ్' ఈ వచ్చుకు చేసిన అనువాదమే. లండన్‌వాసి అలా అనడు కానీ, చెప్పదలచుకున్నది మాత్రం సూటిగా ఉంది.

హైదరాబాద్‌లో ఇంకో విశేషం ఉంది. ఇక్కడి దక్ఖనీ ఉర్దూలోనూ విద్య మనిషికి 'వస్తుంది', 'ఆతా' అంటారు. ఉదయాన్నే లేబర్ అడ్డాలో మేస్త్రీ కూలీని తెలుగులో అడిగినా ఉర్దూలో అడిగినా ప్రశ్న ఒక్కటే: ఏ పని వచ్చు? ఎక్కడ నేర్చుకున్నావు, ఏ కాగితం ఉంది అని అడగడు. సెంట్రింగ్, అంటే కాంక్రీటు పోయడానికి అచ్చులు కట్టే పని, వచ్చునంటే సైటుకు తీసుకుపోతాడు. వచ్చో రాదో మధ్యాహ్నం లోపల తేలిపోతుంది. ఈ మేస్త్రీ అనే మాట పోర్చుగీసు వారి మెస్త్రె నుంచి వచ్చింది, గురువు అని అర్థం. మెకానిక్ షెడ్డులో కుర్రాళ్లు యజమానిని ఉస్తాద్ అంటారు, అదీ గురువే. పని వచ్చినవాణ్ణి గురువు పేరుతోనే పిలిచే ఈ అలవాటులో ఒక స్పష్టత ఉంది. పనిని చూసి, పక్కన నిలబడి, చేసి నేర్చుకోవడమే పని రావడం.

అమీర్‌పేట్‌ గల్లీల్లో స్కిల్ వ్యాకరణం మారిపోతుంది. ఇంగ్లీషులో స్కిల్‌ను రెండు రకాలుగా వాడతారు. ఒకటి లెక్కపెట్టలేనిది: ఆమె పనిలో ఎంతో స్కిల్ ఉంది అన్నప్పుడు అది పనితనం, నాణ్యత. రెండోది లెక్కపెట్టగలిగేది: ఐదు స్కిల్స్ ఉన్నాయి అన్నప్పుడు అవి వేర్వేరు విద్యల పేర్లు. సాఫ్ట్‌వేర్ కొలువుల భాషలో మొదటి అర్థం దాదాపుగా మాయమైంది. బయోడేటాలో స్కిల్స్ అనే శీర్షిక కింద జావా, పైథాన్, ఎస్‌క్యూఎల్ అని కామాలు పెట్టి రాస్తారు. అవి నిజానికి భాషల పేర్లు, పనిముట్ల పేర్లు. వడ్రంగి తన పని గురించి చెప్పమంటే ఉలి, రంపం, బాడిస అని చదివి ఊరుకోడు. ఏం చేశాడో చెబుతాడు, చేసిన తలుపు చూపిస్తాడు. ఎస్‌క్యూఎల్ అని రాసిన అభ్యర్థికి ఒక పట్టిక నుంచి వివరాలు రాబట్టడం మాత్రమే వచ్చా, నెమ్మదిగా నడిచే క్వెరీని (వివరాలు అడిగే ఆదేశాన్ని) చూసి ఎక్కడ ఆగిపోతోందో పట్టుకోవడం కూడా వచ్చా? ఆ మాటలో జవాబు లేదు. రెండోదే స్కిల్, దాని పాత అర్థంలో: తేడా పట్టడం.

ఇందులో విద్యార్థుల తప్పు తక్కువ. వేలాది బయోడేటాలను వడపోసే కంప్యూటర్ వ్యవస్థలు పేర్లనే వెతుకుతాయి కాబట్టి వాళ్లు పేర్లే రాస్తారు. కానీ నష్టం వాళ్లదే అవుతోంది. పేరు రాయగలిగితే స్కిల్ ఉన్నట్టే అని నమ్మిన కుర్రాడు మూడు నెలల కోర్సు పూర్తికాగానే మరో పేరు కోసం మరో కోర్సులో చేరతాడు. జిల్లాల నుంచి వచ్చి, హాస్టల్ అద్దె కడుతూ, ఇంటి నుంచి పంపిన డబ్బుతో చదివే పిల్లల మీద ఈ భారం చిన్నది కాదు. ఒక కోర్సు తక్కువ చేసి, ఆ సమయంలో ఒక చిన్న ప్రోగ్రామును మొదటి నుంచి చివరి దాకా సొంతంగా రాసి, అది పాడైనప్పుడు బాగుచేసిన అభ్యర్థికి నిజంగా పని వచ్చినట్టు. బయోడేటాలో కూడా పనిముట్టు పేరు పక్కన దానితో చేసిన పనిని క్రియతో సహా రాస్తే చదివేవారికి ఏమైనా తెలుస్తుంది.

సాఫ్ట్ స్కిల్స్ సంగతి మరీ అన్యాయంగా మారింది. ఈ పదబంధం 1960లు, 70లలో అమెరికా సైన్యం శిక్షణ విభాగాల్లో వాడుకలోకి వచ్చింది. యంత్రాలతో చేసే పని ఒక వైపు, మనుషులతోనూ కాగితాలతోనూ చేసే పని మరో వైపు అని విడదీయడానికి. నాయకత్వం, పర్యవేక్షణ, నలుగురిని కలుపుకుపోవడం రెండో వైపు వస్తాయి. మన నగరంలో సాఫ్ట్ స్కిల్స్ తరగతి అంటే ఎక్కువ చోట్ల ఇంగ్లీషు మాట్లాడించే తరగతి. అపార్ట్‌మెంట్ గొడవను ఇరువైపులా నచ్చజెప్పి సర్దిపెట్టే వాచ్‌మన్‌కు, పాతిక మంది పొదుపు సంఘాన్ని చీలకుండా నడిపే మహిళకు ఆ పదబంధం వర్తించదన్నట్టు వాడుక సాగుతోంది. అసలు అర్థం ప్రకారం చూస్తే వాళ్లు ఆ విద్యలో ఆరితేరినవారు.

ఇక్కడ ఇంగ్లీషు వ్యాకరణంలోని ఒక తేడా ఉపయోగపడుతుంది. స్కిల్‌ఫుల్, స్కిల్డ్ అనే రెండు విశేషణాలు పైకి ఒకేలా కనిపిస్తాయి. స్కిల్‌ఫుల్ అంటే చేసిన పనిలో కనిపించే నేర్పు. చూసినవారు మెచ్చుకుని చెప్పే మాట. స్కిల్డ్ అంటే శిక్షణ పొంది, ఒక వర్గంలో చేరినవాడు, ఒక హోదా. అందుకే స్కిల్డ్‌కు ఎదురుగా అన్‌స్కిల్డ్ అనే వర్గం తయారైంది. 1948 కనీస వేతనాల చట్టం కింద వచ్చిన ఉత్తర్వుల్లో అన్‌స్కిల్డ్, సెమీ స్కిల్డ్, స్కిల్డ్, హైలీ స్కిల్డ్ అనే మెట్లు పాతుకుపోయాయి. 2019 వేతనాల కోడ్ కూడా వేతనం నిర్ణయించడానికి ఇవే నాలుగు మెట్లను ప్రస్తావిస్తుంది. 2005 నాటి గ్రామీణ ఉపాధి హామీ చట్టం మరింత సూటిగా నిర్వచించింది: ప్రత్యేక శిక్షణ గానీ నైపుణ్యం గానీ లేకుండా ఏ వయోజనుడైనా చేయగలిగే శారీరక శ్రమ అన్‌స్కిల్డ్ పని.

ఈ నిర్వచనాన్ని చేతిలో పట్టుకుని కొండాపూర్‌లోనో నార్సింగిలోనో ఏదైనా భవన నిర్మాణ స్థలానికి వెళ్లి చూడాలి. గోడకు ప్లాస్టరింగ్ జరుగుతూ ఉంటుంది. తాపీ పట్టుకున్న మేస్త్రీ స్కిల్డ్. కింద మాలు (సిమెంటు, ఇసుక, నీళ్ల మిశ్రమం) కలిపి తట్టలో ఎత్తి అందించే మహిళ, పాలమూరు నుంచో శ్రీకాకుళం నుంచో ఒడిశా నుంచో వచ్చిన మనిషి, అన్‌స్కిల్డ్. ఆమె ఏం చేస్తుందో చూడండి. ఇసుక తడిగా ఉంటే ఉబ్బుతుంది, అదే తట్టలో తక్కువ ఇసుక పడుతుంది. కాబట్టి వాన పడిన మర్నాడు తట్టల లెక్క మారాలి. తడి ఇసుకకు నీళ్లు తగ్గాలి. ఇసుకను గుప్పిట్లోకి తీసుకుని నొక్కి చూసి ఆమె ఆ సంగతి తేలుస్తుంది. సీలింగుకు వేసే మాలు జారిపోకూడదు, గోడకు వేసేది మరీ బిగుసుకుపోకూడదు. భారతీయ ప్రమాణాల ప్రకారం సాధారణ సిమెంటు బిగుసుకోవడం మొదలవడానికి కనీసం 30 నిమిషాలు పట్టాలి. మే నెల ఎండలో పైన మేస్త్రీ ఎంత వేగంగా చేస్తున్నాడో చూసి, బిగుసుకోక ముందే అయిపోయేంత మాలే ఆమె కలపాలి. ఎక్కువ కలిపితే సిమెంటు పాడు, తక్కువ కలిపితే మేస్త్రీ చేతులు ఖాళీ. తర్వాత తట్టను తలకెత్తుకుని పరంజా పక్కన నిచ్చెన ఎక్కాలి.

కొత్తగా వచ్చిన ఏ వయోజనుడైనా ఈ పనిని మొదటి రోజే ఇలా చేయలేడు. తేడా పట్టగలగడమే స్కిల్ అయితే, గుప్పిట్లో ఇసుక తడిని కొలిచే చెయ్యికి అది ఉంది. చట్టం ఆమె విద్యను చూడలేకపోవడానికి కారణం ఒక్కటే: దాన్ని ఎవరూ తరగతిలో నేర్పలేదు, దానికి పేరు పెట్టలేదు, దానికి పరీక్ష లేదు. నాట్లు వేయడం, కలుపు తీయడం, పసిపిల్లలను చూసుకోవడం, మంచం పట్టినవారికి సేవ చేయడం వంటి ఎక్కువగా ఆడవాళ్లు చేసే పనులు తక్కువ మెట్టు మీద నిలిచిపోవడానికీ ఇదే పెద్ద కారణం.

ఇంకో జారుడు కూడా ఉంది, భాషలోనే. చట్టం నిర్వచించింది పనిని. ఈ పనికి ప్రత్యేక శిక్షణ అక్కర్లేదు అని. వాడుకలో ఆ విశేషణం పని మీద నుంచి జారి మనిషి మీద పడింది. అన్‌స్కిల్డ్ లేబర్ అనేసరికి ఆ మనిషికే ఏ విద్యా రాదన్నట్టు అయింది. మన పత్రికల్లో 'నైపుణ్యం లేని కూలీలు' అని అనువదించేసరికి ఆ ముద్ర మరింత గట్టిపడింది. ఊళ్లో గుంటమగ్గం మీద పనిచేసిన నేతగాడు మగ్గం ఆగిపోయి నగరానికి వచ్చి ఇటుకలు మోస్తే, పట్టికలో అతను నైపుణ్యం లేనివాడు. అతనికి వచ్చిన విద్య ఎక్కడికీ పోలేదు. ఇక్కడ ఆ విద్యతో పని లేదు, అంతే.

శిక్షణ సంస్థల విలువను ఇది ఏమాత్రం తగ్గించదు. 1968లో ఏర్పడిన బాలానగర్‌లోని కేంద్ర టూల్ డిజైన్ సంస్థలోనూ, 1998లో మొదలైన నేషనల్ అకాడమీ ఆఫ్ కన్‌స్ట్రక్షన్‌లోనూ, ఐటీఐలలోనూ జరిగేది నిజమైన పని నేర్పడమే. ఐటీఐలో ఫిట్టర్, టర్నర్ విద్యార్థులు పరీక్షలో తయారుచేసే ఇనుప ముక్కను 'జాబ్' అంటారు. కొలతకు తగ్గట్టు జాబ్ చేసి చూపాలి. కొలమానం పెట్టి చూస్తే తేడా ఎంతో బయటపడుతుంది. మాటలతో గట్టెక్కే వీలు లేని పరీక్ష అది. సాఫ్ట్‌వేర్ శిక్షణ ఈ ఒక్క పద్ధతిని అరువు తెచ్చుకుంటే ఎంతో మేలు.

అయితే ఈ సంస్థల గడప తొక్కని వాళ్ల మాటేమిటి? 2013లో వచ్చిన జాతీయ నైపుణ్య అర్హతల చట్రం విద్యనూ పనినీ కలిపి మొదట పది మెట్లుగా, 2023 సవరణ తర్వాత ఎనిమిది మెట్లుగా అమర్చింది. కౌశల్ వికాస్ యోజనలో అంతకుముందే పని నేర్చుకున్నవారిని పరీక్షించి ధ్రువపత్రం ఇచ్చే భాగం కూడా ఉంది. ఎక్కడ నేర్చుకున్నావని అడగకుండా ఏం వచ్చో చూస్తుంది. లేబర్ అడ్డా ప్రశ్నను ప్రభుత్వం కాగితం మీద అడిగిందన్నమాట. ఆలోచన చాలా మంచిది. ఆచరణలో దాని విలువ ఒక్క విషయం మీద ఆధారపడి ఉంది: ధ్రువపత్రం చేతికొచ్చిన కూలీకి కాంట్రాక్టరు మర్నాటి నుంచి పై మెట్టు వేతనం ఇవ్వాలి. ఆ ముడి వేయకపోతే అది గోడకు తగిలించుకునే కాగితంగానే మిగులుతుంది. మాలు కలపడం, సెంట్రింగ్ అందించడం, రోగికి పక్క మార్చడం వంటి పనులకు కూడా విడివిడిగా ప్రమాణాలు రాసి, అవి చేసేవారినే కూర్చోబెట్టుకుని రాసి, పరీక్ష పెట్టాలి.

ఈలోగా భాష విషయంలో చేయగలిగింది కొంత ఉంది, దానికి ఏ ఉత్తర్వూ అక్కర్లేదు. చేసిన పని నాణ్యత గురించి చెప్పేటప్పుడు పనితనం అనే మాట ఉంది. శిక్షణతో వచ్చినదానికి నైపుణ్యం ఉంది. చేతి ఒడుపుకు నేర్పు ఉంది. శక్తికి సామర్థ్యం ఉంది. వీటన్నిటి మీద స్కిల్ అనే ఒక్క ముద్ర వేయడం వల్లనే ఎవరికి ఏది కొరవడిందో తెలియకుండా పోతోంది. ప్రమాద వార్త రాసే విలేకరి, మస్టర్ (కూలీల హాజరు పట్టీ) రాసే సూపర్‌వైజర్, వేతన ఉత్తర్వును తెలుగు చేసే అధికారి 'నైపుణ్యం లేని కార్మికులు' అని రాయబోయే చోట వాళ్లు చేసే పనితోనే వాళ్లను పేర్కొనవచ్చు: మాలు కలిపేవారు, ఇటుకలు అందించేవారు, కాంక్రీటు మోసేవారు, పరంజా కట్టేవారు.